మెయిన్‌ఫ్రేమ్ డేటాబేసును కొత్త అప్లికేషనుతో ఎంక్యూ ద్వారా కలపడం: కాపీబుక్ చదవడం నుంచి మొదటి రోజు నిఘా దాకా

విజయవాడ, గుంటూరు, మంగళగిరి, గన్నవరం ప్రాంతాల్లో కూర్చుని అమెరికా బీమా సంస్థలకూ బ్యాంకులకూ పనిచేస్తున్న ఇంజినీర్లు పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది: కనెక్షన్ కుదిరింది, సందేశం వెళ్తోంది, అయినా అవతలి డేటా సరిగా రావడం లేదు, ఎక్కడ పొరపాటు జరుగుతోంది? ఈ పనిలో కనెక్షన్ అతి తేలికైన భాగం. అందుకే ఇక్కడ దానిని నాలుగో మెట్టుకు నెట్టాను. మొదటి మూడు మెట్లూ కాగితం మీద పూర్తికాకుండా నాలుగోదానికి వెళ్లవద్దు.

ఉదాహరణగా ఒక అమరికను తీసుకుందాం. పాలసీ వివరాలు జెడ్/ఓఎస్ (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ అనే భారీ కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్) మీద డీబీ2 అనే డేటాబేసులో ఉన్నాయి. వాటిని సీఐసీఎస్ (అక్కడ లావాదేవీలను నడిపే వ్యవస్థ) కింద నడిచే, కోబోల్ భాషలో రాసిన ప్రోగ్రాం చదివి మారుస్తుంది. మొబైల్ అప్లికేషను వెనుక లినక్స్ మీద నడిచే జావా సర్వీసు ఉంది, రెండింటికీ మధ్య, సందేశాలను క్యూల ద్వారా చేరవేసే ఐబీఎం ఎంక్యూ ఉంది. చేయవలసిన పనులు రెండే: పాలసీ వివరాలు చూపించడం, చిరునామా మార్చడం.

1. ముందుగా రాసిపెట్టుకోవలసినవి

☐ ఏయే పనులు చదవడానికి మాత్రమే, ఏవి డేటాను మారుస్తాయి.
☐ ఒక్కొక్క పనికి జవాబు ఎన్ని సెకన్లలో రావాలి, రాకపోతే వినియోగదారుకు ఏం చూపించాలి.
☐ రద్దీ వేళ సెకనుకు ఎన్ని సందేశాలు వస్తాయి, ఒక్కొక్క సందేశం ఎంత పెద్దది.
☐ రాత్రి బ్యాచ్ (గుంపుగా నడిచే పనులు) ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుంది, ఆ సమయంలో ఏ టేబుళ్లు అందుబాటులో ఉండవు.
☐ అవతలి వైపు డీబీఏ (డేటాబేసు నిర్వాహకుడు), సీఐసీఎస్ సిస్టమ్ ప్రోగ్రామర్, ఎంక్యూ నిర్వాహకుడు, భద్రతా విభాగం వారు ఎవరెవరు.

బ్యాచ్ విషయాన్ని చాలామంది వదిలేస్తారు. అమెరికా తూర్పు తీరంలో రాత్రి పదింటికి మొదలయ్యే బ్యాచ్, మనకు వేసవిలో ఉదయం 7.30కు, వారి శీతాకాలంలో 8.30కు మొదలవుతుంది. బెజవాడలో ఆఫీసు తెరిచి మొదటి పరీక్ష నడిపే వేళకు అక్కడ టేబుళ్లు బ్యాచ్ చేతిలో ఉంటాయి కనుక, ఉదయం పూట విఫలమై సాయంత్రం పనిచేసే పరీక్షను చూసి కోడ్‌లో లోపం వెతకడం మొదలుపెట్టకండి.

2. డేటాబేసు దాకా వెళ్లే దారిని ఎంచుకోవడం

ఎంక్యూ సందేశాలను మాత్రమే మోస్తుంది, డేటాబేసును అది ముట్టుకోదు. టేబుల్‌ను చదివి మార్చేది ఎవరో మీరే నిర్ణయించాలి. సాధారణంగా మూడు దారులు ఉంటాయి.

మొదటిది, ఇప్పటికే ఉన్న సీఐసీఎస్ ప్రోగ్రామును ఎంక్యూ బ్రిడ్జి (సందేశం అందుకుని ఆ ప్రోగ్రామును నడిపే భాగం) ద్వారా పిలవడం. ప్రత్యేక హెడర్ (సందేశం ముందుండే వివరాల భాగం) లేకపోతే బ్రిడ్జి సందేశంలోని మొదటి ఎనిమిది అక్షరాలను ప్రోగ్రాం పేరుగా తీసుకుని, మిగిలినదాన్ని కామ్‌ఏరియాగా (ప్రోగ్రాముకు డేటా అందించే మెమరీ భాగంగా) అందిస్తుంది. స్క్రీన్ కోడూ వ్యాపార నియమాలూ ఒకే ప్రోగ్రాంలో కలిసిపోయి ఉంటే ఈ దారి పనికిరాదు, ముందు వాటిని విడదీయాలి. కామ్‌ఏరియాకు 32 కేబీ పరిమితి ఉందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

రెండవది, క్యూ నుంచి స్వయంగా సందేశం తీసుకుని పాత ప్రోగ్రామును పిలిచే చిన్న కోబోల్ ప్రోగ్రాం రాయడం. తప్పులను ఎలా సంబాళించాలన్నది ఇక్కడ పూర్తిగా మీ చేతిలో ఉంటుంది. డేటాను మార్చే పనులకు నేను ఈ దారినే సూచిస్తాను.

మూడవది, డీబీ2 లాగ్ (మార్పుల చిట్టా) నుంచి మార్పులను పట్టి కాఫ్కా వంటి సందేశ వేదికకు పంపి, చదివే పనులన్నిటికీ బయట ఒక నకలు ఉంచడం. చదివేవారు ఎక్కువై మెయిన్‌ఫ్రేమ్ ప్రాసెసర్ ఖర్చు పెరుగుతున్నప్పుడు ఇది మంచి ఎంపిక. అయితే ఆయా టేబుళ్లకు మార్పుల నమోదును డీబీఏ చేత ఆన్ చేయించాలి, దాంతో లాగ్ పరిమాణం పెరుగుతుంది. రాత్రి లోడ్ యుటిలిటీ (టేబుల్‌ను ఒక్కసారిగా నింపే సాధనం) లాగ్ రాయకుండా నింపే టేబుళ్ల మార్పులు ఈ దారిలో అసలు కనిపించవు. బ్యాచ్ జాబుల్లో అలాంటివి ఎన్ని ఉన్నాయో ముందే వెతికించండి.

ఏ దారిలోనైనా, కొత్త అప్లికేషను పాత ప్రోగ్రామును తప్పించి నేరుగా టేబుల్‌ను మార్చకూడదు. చిరునామా మారితే ప్రీమియం మారాలన్న నియమం టేబుల్‌లో ఉండదు, ఆ కోబోల్ పేరాగ్రాఫుల్లో ఉంటుంది.

3. సందేశపు రూపాన్ని నిర్ణయించడం

ఎక్కువ సమయం వెచ్చించవలసిన మెట్టు ఇది. కాపీబుక్‌ను (కోబోల్ రికార్డులోని ఫీల్డుల వివరణ ఉన్న ఫైలును) ముందు పెట్టుకుని ఒక్కొక్క ఫీల్డుకు మొదటి బైటు స్థానం, పొడవు, రకం, ఖాళీగా ఉంటే అందులో ఏం ఉంటుంది అనే నాలుగు గడులతో పట్టిక రాయండి.

3.1 ప్యాక్డ్ డెసిమల్

కాంప్-3 (ప్యాక్డ్ డెసిమల్) ఫీల్డులో ఒక్కో బైటుకు రెండు అంకెలు ఉంటాయి, చివరి అర్ధ బైటు గుర్తుకు కేటాయిస్తారు. అక్కడ సీ ఉంటే ధనాత్మకం, డీ ఉంటే రుణాత్మకం. బిందువుకు ముందు తొమ్మిది అంకెలూ, తర్వాత రెండు దశాంశ స్థానాలూ ఉన్న ఫీల్డు 6 బైట్లు తీసుకుంటుంది, దశాంశ బిందువు మాత్రం డేటాలో ఎక్కడా ఉండదు.

మొత్తం సందేశాన్ని స్ట్రింగ్ ఫార్మాట్‌గా ప్రకటించి అక్షర మార్పిడి కోరితే ఏమవుతుందో చూడండి. 123.45 అనే మొత్తం మెయిన్‌ఫ్రేమ్‌లో హెక్స్ 12, 34, 5సీ అనే మూడు బైట్లుగా ఉంటుంది. మెయిన్‌ఫ్రేమ్ వాడే అక్షర పట్టిక ఎబ్సిడిక్ 37 నుంచి లినక్స్ వైపు వాడే లాటిన్-1కు మార్చినప్పుడు 12 అలాగే ఉంటుంది, 34 కాస్తా 94 అవుతుంది, 5సీ ఎబ్సిడిక్‌లో నక్షత్రపు గుర్తు కనుక 2ఏ అవుతుంది. గుర్తు స్థానంలో ఏ కూడా ధనాత్మకంగానే చెల్లుతుంది. కాబట్టి జావా వైపు 129.42 అనే చక్కని, పూర్తిగా తప్పు మొత్తం చేరుతుంది. ఎక్కడా ఎర్రర్ రాదు, లాగ్‌లో హెచ్చరిక ఉండదు. ఏదో ఒక ఎర్రర్ ఇచ్చే తప్పు దీనికంటే ఎంతో మేలు.

దీనికి పరిష్కారాలు రెండు. మెయిన్‌ఫ్రేమ్ వైపే అన్ని అంకెలనూ గుర్తుతో, దశాంశ బిందువుతో అక్షరాలుగా మార్చి పంపడం ఒకటి. సందేశాన్ని మార్పిడి లేకుండా బైట్లుగా తెచ్చుకుని, జావాలో కాపీబుక్ ప్రకారం ఫీల్డు ఫీల్డుగా విప్పుకోవడం రెండోది. కోబోల్ వైపు కొత్త ప్రోగ్రాం ఎలాగూ రాస్తున్నట్లయితే మొదటిదే మంచిది. పాత ప్రోగ్రామును ముట్టుకోవద్దని ఆంక్ష ఉంటే రెండోది తప్పదు.

3.2 మిగిలిన ఫీల్డులు

కాంప్ (బైనరీ సంఖ్య) ఫీల్డుల్లో పెద్ద బైటు ముందు వస్తుంది. ఇంటెల్ యంత్రాల పద్ధతి దీనికి తలకిందులు. ఎంక్యూ హెడర్‌లోని ఎన్‌కోడింగ్ విలువ జెడ్/ఓఎస్‌లో 785, ఇంటెల్ లినక్స్‌లో 546 కావడానికి కారణం ఇదే.

ధన, రుణ గుర్తు ఉన్న డిస్‌ప్లే (అంకెకు ఒక బైటు చొప్పున ఉండే) ఫీల్డులో చివరి అంకె మీదే గుర్తు ఎక్కుతుంది. రుణాత్మక 12345 మీకు 1234 పక్కన ఎన్ అనే ఇంగ్లిష్ అక్షరంతో కనిపిస్తుంది. అది డేటా పాడవడం కాదు, అక్కడి పద్ధతి.

ఖాళీ ఫీల్డులో స్పేసులు ఉండవచ్చు, లో-వాల్యూస్ అనే సున్నా బైట్లు కూడా ఉండవచ్చు. సున్నా బైట్లను అలాగే జేసన్ అనే డేటా ఫార్మాట్‌లోకి నెడితే అవతలి పార్సర్ (దానిని విప్పి చదివే ప్రోగ్రాం) తిరస్కరిస్తుంది. తేదీ ఫీల్డుల్లో 0001-01-01, 9999-12-31 కనిపిస్తే అవి తేదీలు కావు. లేదు, ఎప్పటికీ అనే అర్థాలతో ఆ సంస్థ వాడుకున్న విలువలు కావచ్చు, అడిగి తెలుసుకోండి.

రీడిఫైన్స్ (అవే బైట్లకు మరో రూపం ఇవ్వడం) ఉన్న చోట, ఏ ఫీల్డు విలువను బట్టి ఏ రూపం వర్తిస్తుందో రాసుకోండి. మారే సంఖ్యలో పునరావృతమయ్యే ఆకర్స్ తర్వాత వచ్చే ఫీల్డుల స్థానాలు సందేశం సందేశానికీ మారతాయి. వీలైతే వాటిని చివరికి జరపండి.

3.3 పేర్లు, చిరునామాలు

ఎబ్సిడిక్ 37, 1047 అనే కోడ్ పేజీలు పైకి ఒకేలా కనిపించినా చతురస్రాకార బ్రాకెట్ల స్థానాలు వేరు. సందేశంలో జేసన్ పంపుతున్నవారికి ఇది మొదటి రోజే తగులుతుంది. ఈ రెండింటిలోనూ తెలుగు లిపికి చోటు లేదు. గుంటూరు అనే మూడక్షరాల మాట యూటీఎఫ్-8లో 21 బైట్లు తీసుకుంటుంది. దానిని 37లోకి మారిస్తే ప్రత్యామ్నాయ గుర్తులు మాత్రమే మిగులుతాయి, అసలు అక్షరాలను తిరిగి తెచ్చుకోలేము. అందువల్ల అనుమతించే అక్షరాలను మొబైల్ తెర దగ్గరే తనిఖీ చేయాలి.

పొడవు సంగతి కూడా అంతే. వెంకట నాగ సాయి లక్ష్మీ దుర్గా ప్రసాద్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే ఖాళీలతో కలిపి 37 అవుతాయి, పాత టేబుల్‌లో పేరు కాలమ్ 30 అయితే చివరి పేరు తెగిపోతుంది. తెంచడమా, తిరస్కరించడమా అన్నది ఒప్పంద పత్రంలో రాసి ఉండాలి.

3.4 హెడర్‌లో మీ సొంత ఫీల్డులు

సందేశపు రూపం సంచిక సంఖ్య (వెర్షన్), అభ్యర్థన గుర్తింపు సంఖ్య, పని కోడ్, పంపిన సమయం అనే నాలుగింటిని మొదటి బైట్లలోనే పెట్టండి. రేపు కాపీబుక్‌కు ఒక ఫీల్డు చేరినప్పుడు రెండు వైపులా ఒకే రాత్రి మార్చవలసిన అగత్యాన్ని సంచిక సంఖ్య తప్పిస్తుంది.

4. క్యూలూ ఛానెళ్లూ నిర్మించే క్రమం

1) మెయిన్‌ఫ్రేమ్ క్యూ మేనేజర్ (క్యూలను నడిపే ఎంక్యూ ప్రోగ్రాం) మీద అభ్యర్థన క్యూ, బ్యాకౌట్ క్యూ (పదే పదే విఫలమైన సందేశాలను పక్కన పెట్టేది) నిర్మించండి. జెడ్/ఓఎస్‌లో క్యూ మేనేజర్ పేరు నాలుగు అక్షరాలు దాటదు.
2) డెడ్ లెటర్ క్యూ ఉందో లేదో రెండు వైపులా చూడండి. అది లేకపోతే, గమ్యానికి చేర్చలేని ఒక్క సందేశం కారణంగా, రెండు వైపులనూ కలిపే ఛానెల్ మొత్తం ఆగిపోవచ్చు.
3) లినక్స్ వైపు ట్రాన్స్‌మిషన్ క్యూ (పంపే ముందు సందేశాలు ఆగే చోటు), రిమోట్ క్యూ నిర్వచనం (అవతలి క్యూకు ఇక్కడి పేరు), పంపే ఛానెల్ నిర్మించి, మెయిన్‌ఫ్రేమ్ వైపు అదే పేరుతో స్వీకరించే ఛానెల్ పెట్టండి. ఛానెల్ పేరు 20 అక్షరాల లోపు ఉండాలి, రెండు వైపులా అక్షరం పొల్లుపోకూడదు.
4) జవాబు దారిని కూడా ఇదే పద్ధతిలో ఎదురు దిశలో నిర్మించండి.
5) లిజనర్ (వచ్చే కనెక్షన్లను అందుకునే భాగం) పోర్టుకు ఫైర్‌వాల్ అనుమతి తీసుకోండి. అలవాటుగా వచ్చే పోర్టు 1414, మీ సంస్థ వేరేది వాడుతుండవచ్చు.
6) నమూనా ప్రోగ్రాములతో ఒక సందేశం పంపి, అవతలి క్యూలో బ్రౌజ్ చేసి హెక్స్‌లో చూడండి. ఇక్కడ జావాను తీసుకురావద్దు.

సందేశపు గరిష్ఠ పరిమాణం సాధారణంగా 4 ఎంబీగా వస్తుంది. పెంచవలసి వస్తే క్యూ, ఛానెల్, క్యూ మేనేజర్ మూడు చోట్లా పెంచాలి.

క్యూ లోతు (అందులో నిలిచే సందేశాల సంఖ్య) పరిమితిని లెక్కగట్టి పెట్టండి. క్యూ ప్రకాశం బ్యారేజీ లాంటిదే గాని నాగార్జునసాగర్ లాంటిది కాదు: వచ్చిన ప్రవాహాన్ని కాస్త నిలిపి కాలువల్లోకి మళ్లిస్తుంది తప్ప, వారాల తరబడి దాచిపెట్టడానికి పనికిరాదు. మెయిన్‌ఫ్రేమ్ ఎంతసేపు ఆగిపోతే తట్టుకోవాలో ఆ సమయంలో వచ్చే సందేశాల సంఖ్య తీసుకుని, దానికి రెట్టింపు చోటు ఇవ్వడం నా పద్ధతి.

5. మెయిన్‌ఫ్రేమ్ ప్రోగ్రాం, లావాదేవీ హద్దు

అభ్యర్థన తీసుకోవడం, టేబుల్ మార్చడం, జవాబు పెట్టడం అనే మూడూ ఒకే కమిట్ (మార్పులను ఖాయం చేయడం) కింద ఉండాలి. వాటిలో ఒకటి విఫలమైతే మూడూ వెనక్కి పోవాలి. ప్రోగ్రాం క్రమం ఇలా ఉంటుంది.

1) సింక్‌పాయింట్ కింద (కమిట్ అయ్యేదాకా ఖాయం కాకుండా), కొన్ని సెకన్ల నిరీక్షణతో సందేశాన్ని తీసుకోండి.
2) హెడర్‌లోని బ్యాకౌట్ కౌంట్ (సందేశం ఎన్నిసార్లు వెనక్కి వచ్చిందో చెప్పే సంఖ్య) చూడండి. పరిమితి దాటితే సందేశాన్ని బ్యాకౌట్ క్యూకు తరలించి, కమిట్ చేసి, తర్వాతిదానికి వెళ్లండి.
3) పొడవు, సంచిక సంఖ్య, పని కోడ్ తనిఖీ చేయండి.
4) డీబీ2 పని చేయండి.
5) వచ్చిన సందేశపు గుర్తింపును జవాబులోని కోరిలేషన్ గుర్తింపుగా (ఇది ఏ అభ్యర్థనకు జవాబో చెప్పేది) పెట్టి, అభ్యర్థనలో చెప్పిన జవాబు క్యూలో పెట్టండి.
6) సీఐసీఎస్ సింక్‌పాయింట్ ఇవ్వండి (ఇక్కడ ఇదే కమిట్).
7) సందేశాలు లేవని 2033 వచ్చేదాకా మళ్లీ మొదటికి వెళ్లండి. మొదటి సందేశానికి మాత్రమే ట్రిగ్గర్ అయ్యే (దానంతట అది మొదలయ్యే) ప్రోగ్రాం ఒక్కటి తీసుకుని ముగిసిపోతే మిగిలినవి క్యూలో పడి ఉంటాయి.

పై క్రమంలోని రెండో అంశాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. క్యూ నిర్వచనంలో బ్యాకౌట్ పరిమితి రాసినంత మాత్రాన క్యూ మేనేజర్ తనంతట తాను సందేశాన్ని పక్కకు తీయదు. జావాలో సందేశాల కోసం వాడే జేఎంఎస్ లైబ్రరీ ఆ పని చేసిపెడుతుంది గాని, కోబోల్‌లో మీరే రాయాలి. రాయకపోతే ఒక్క చెడ్డ సందేశం అబెండ్ (ప్రోగ్రాం కూలడం), రోల్‌బ్యాక్ (అంతా వెనక్కి పోవడం), మళ్లీ అబెండ్ అంటూ తెల్లవార్లూ తిరుగుతుంది.

సింక్‌పాయింట్ ఐచ్ఛికాన్ని సందేశం పెట్టే ప్రతి పుట్‌కూ తీసుకునే ప్రతి గెట్‌కూ స్పష్టంగా రాయండి. ఏమీ రాయకపోతే జెడ్/ఓఎస్‌లో సింక్‌పాయింట్ కింద జరుగుతుంది, లినక్స్‌లో దానికి బయట జరుగుతుంది. ఒక చోట పనిచేసిన కోడ్‌ను మరో చోటికి తెచ్చినవారికి ఈ తేడా అర్థం కావడానికి చాలా సమయం పడుతుంది.

డీబీ2 నుంచి ఎస్‌క్యూఎల్ కోడ్ మైనస్ 911 (డెడ్‌లాక్ లేదా లాక్ కోసం నిరీక్షణ గడువు దాటడం) వస్తే అప్పటికే అంతా వెనక్కి పోయిందని అర్థం, సందేశం కూడా క్యూలోకి తిరిగి చేరింది. అక్కడ వైఫల్య జవాబు పంపి ముందుకు సాగితే, అదే అభ్యర్థన మళ్లీ నడిచి రెండో జవాబు కూడా వెళ్తుంది. మైనస్ 913 అయితే కారణం అదే గాని ఏదీ వెనక్కి పోలేదు, నిర్ణయం మీ ప్రోగ్రాంది.

పిలుస్తున్న పాత ప్రోగ్రాం లోపల ఎక్కడైనా సొంత సింక్‌పాయింట్ ఉందేమో వెతకండి. ఉంటే పైన చెప్పిన హద్దు మధ్యలోనే తెగిపోతుంది. సీఐసీఎస్ కాకుండా బ్యాచ్‌లో నడుపుతుంటే ఎంక్యూ, డీబీ2 రెండింటినీ కలిపి కమిట్ చేయడానికి ఆర్‌ఆర్‌ఎస్ (జెడ్/ఓఎస్‌లో ఉమ్మడి కమిట్‌ను నడిపే సేవ) స్టబ్‌తో, అంటే దాని అనుసంధాన కోడ్‌తో, లింక్ చేయాలి. మామూలు బ్యాచ్ స్టబ్‌తో ఎంక్యూ కమిట్ ఇస్తే అది ఎంక్యూకు మాత్రమే వర్తిస్తుంది.

6. జావా సర్వీసు వైపు

జేఎంఎస్ పంపే సందేశానికి ముందు ఒక అదనపు హెడర్ అలవాటుగా చేరుతుంది. కోబోల్ ప్రోగ్రాం మొదటి బైట్లలో మీ సంచిక సంఖ్యకు బదులు ఆర్ఎఫ్‌హెచ్ అనే అక్షరాలు కనిపిస్తే కారణం ఇదే. గమ్యం చిరునామాలో టార్గెట్ క్లయింట్ విలువను 1గా పెడితే ఆ హెడర్ రాదు.

అభ్యర్థన పెట్టి అదే లావాదేవీలో జవాబు కోసం నిరీక్షించకండి. కమిట్ అయ్యేదాకా అభ్యర్థన మెయిన్‌ఫ్రేమ్‌కు కనిపించదు, జవాబు వచ్చేదాకా మీరు కమిట్ చేయరు. ఇద్దరూ ఒకరికోసం ఒకరు కూర్చుంటారు. స్ప్రింగ్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌లో మెథడ్ మొత్తానికీ ట్రాన్సాక్షనల్ గుర్తు తగిలించినప్పుడు ఇది తరచుగా జరుగుతుంది.

గడువును ఎంక్యూ హెడర్‌లో సెకనులో పదో వంతుల్లో ఇస్తారు కనుక 30 సెకన్లకు 300 రాయాలి. జేఎంఎస్‌లో మాత్రం అదే గడువు మిల్లీసెకన్లలో ఉంటుంది. వివరాలు చూసే అభ్యర్థనకు గడువు పెట్టి, నాన్-పర్సిస్టెంట్‌గా (డిస్కులో భద్రపరచకుండా) పంపండి. పోతే వినియోగదారు మళ్లీ నొక్కుతాడు. చిరునామా మార్పును పర్సిస్టెంట్‌గా, గడువు లేకుండా పంపండి.

కోరిలేషన్ గుర్తింపుతో సందేశాన్ని వెతికి తీసుకునే క్యూ జెడ్/ఓఎస్ మీద ఉంటే, దానికి అదే గుర్తింపు మీద ఇండెక్స్ పెట్టించండి. లేకపోతే లోతు పెరిగే కొద్దీ ప్రతి గెట్ మందగిస్తుంది.

7. రెండుసార్లు వచ్చే సందేశం

జవాబు ఆలస్యమైతే సర్వీసు మళ్లీ పంపుతుంది, మొదటిది అప్పటికే నెరవేరి ఉండవచ్చు. అభ్యర్థన గుర్తింపు సంఖ్యను ప్రైమరీ కీగా పెట్టుకున్న చిన్న టేబుల్ ఒకటి డీబీ2లోనే ఉంచి, చిరునామా మార్పుతో కలిపి అదే లావాదేవీలో అందులో ఒక వరుస (రో) చేర్చండి. మైనస్ 803 (ఆ కీ ఇప్పటికే టేబుల్‌లో ఉంది) వస్తే ఆ పని ఇప్పటికే అయిందని అర్థం. దానిని తప్పుగా చూపకుండా పాత జవాబునే తిరిగి పంపండి.

ఒకే క్యూను పలు ప్రోగ్రాములు చదివితే వరుస క్రమం నిలవదు. ఒకే పాలసీకి వెంట వెంటనే రెండు మార్పులు వస్తే పాతది కొత్తదాని మీద పడకుండా, టేబుల్‌లోని ఆ పాలసీ వరుసకు (సందేశపు రూపానికి కాదు) ఉంచిన సంచిక సంఖ్యతో పోల్చి చూడండి.

8. భద్రత

ఛానెల్‌కు టీఎల్‌ఎస్ (దారిలో డేటాను రహస్యంగా ఉంచే పద్ధతి) పెట్టండి, ప్రతి అప్లికేషనుకూ వేరు యూజర్ ఐడీ, వేరు ఛానెల్ ఇవ్వండి. జెడ్/ఓఎస్ భద్రతా వ్యవస్థ రాక్‌ఎఫ్‌లో ఆ ఐడీకి అవసరమైన క్యూలకే అనుమతి ఉండాలి. 2035 (అనుమతి లేదు) వచ్చిందని ఛానెల్ ప్రామాణీకరణ నియమాలను మొత్తంగా ఆపేయమని సలహా ఇచ్చేవారు ఉంటారు, వినకండి. నిర్వాహక ఐడీతో కనెక్ట్ కాబోతే అడ్డుకోవడం ఆ నియమాల పనే.

9. పరీక్షకు వాడవలసిన డేటా

☐ 30 అక్షరాలు దాటిన పేరు, ఇంటిపేరు ముందున్న పేరు, ఒక్క అక్షరపు ఇనీషియల్ ఉన్న పేరు.
☐ బెజవాడ డోర్ నంబర్లలాగా అడ్డగీతలూ వాలుగీతలూ కలిసిన చిరునామా.
☐ సున్నా, రుణాత్మకం, ఫీల్డు పట్టగలిగిన అతిపెద్ద మొత్తం.
☐ స్పేసులతో నిండిన ఫీల్డు, సున్నా బైట్లతో నిండిన ఫీల్డు.
☐ ఒక బైటు తక్కువైన సందేశం, ఒక బైటు ఎక్కువైన సందేశం.
☐ అదే గుర్తింపు సంఖ్యతో రెండుసార్లు పంపిన చిరునామా మార్పు.
☐ డీబీ2 పని అయ్యాక, కమిట్‌కు ముందు కావాలని అబెండ్ చేసిన ప్రోగ్రాం.
☐ ఛానెల్ ఆపి, సందేశాలు పేరుకున్నాక మళ్లీ తెరవడం.

నిజమైన ఖాతాదారుల వివరాలను పరీక్ష వ్యవస్థలోకి తేవద్దు.

10. తరచుగా కనిపించే ఎంక్యూ కోడ్‌లు, ముందుగా చూడవలసిన చోటు

2059: క్యూ మేనేజర్ అందుబాటులో లేదు. పేరు, పోర్టు, లిజనర్, ఆ తర్వాత ఫైర్‌వాల్ చూడండి.
2009: కనెక్షన్ మధ్యలో తెగింది. ఖాళీగా ఉన్న కనెక్షన్లను ఫైర్‌వాల్ తెంచుతోందేమో చూడండి.
2085: అలాంటి క్యూ లేదు. చాలాసార్లు పెద్దక్షరాలు, చిన్నక్షరాల తేడాయే కారణం.
2053: క్యూ నిండింది. లోతు పెంచే ముందు చదివే ప్రోగ్రాం నడుస్తోందా అని చూడండి.
2192: జెడ్/ఓఎస్‌లో పేజ్‌సెట్ (క్యూల సందేశాలు నిల్వ ఉండే ఫైలు) నిండింది. ఇతర క్యూలు కూడా అదే పేజ్‌సెట్‌లో ఉంటే వాటికీ దెబ్బ తగులుతుంది.
2030: సందేశం క్యూ పరిమితిని మించింది.
2110: మార్పిడి కోరారు గాని ఫార్మాట్ పేరు మార్పిడికి తగినది కాదు. మూడో మెట్టుకు తిరిగి వెళ్లండి.

11. మొదటి రోజు

మొదట చదివే పనిని మాత్రమే కొద్దిమంది వినియోగదారులకు తెరవండి. చిరునామా మార్పును కొన్నాళ్ల తర్వాత తెరవడం మంచిది. ఈలోగా ప్రతి రాత్రీ బ్యాచ్ ముగిశాక, జావా వైపు లాగ్‌లోని మొత్తాలనూ డీబీ2లోని మొత్తాలనూ పక్కపక్కన పెట్టి సరిచూడండి. మూడో మెట్టులో చెప్పిన 129.42 లాంటి తప్పు ఈ సరిచూపులోనే దొరుకుతుంది.

☐ క్యూ లోతు కంటే అతి పాత సందేశపు వయసు మీద హెచ్చరిక పెట్టారా.
☐ బ్యాకౌట్ క్యూ, డెడ్ లెటర్ క్యూలలో ఒక్క సందేశం పడినా ఎవరికి కబురు వెళ్తుందో తేల్చారా.
☐ ఆ సందేశాలను సరిదిద్ది తిరిగి పంపే పద్ధతిని రాసి, ఒకసారి చేసి చూశారా.
☐ చిరునామా మార్పును మాత్రమే ఆపి, వివరాలు చూడటాన్ని నడపగలిగే స్విచ్ జావా వైపు ఉందా.
☐ మన పగటి వేళ అమెరికా వైపు అత్యవసరంగా పిలవవలసినవారి జాబితా ఇక్కడి షిఫ్టు దగ్గర ఉందా.